మూడోసారి ఇచ్చిన రక్తం

మా నాయిన రక్తం మూడుసార్లు నా చేతికి వచ్చింది. మొదటిసారి వైశాఖంలో, రెండోసారి శ్రావణం ఆఖరున, మూడోసారి కార్తీకం ముగిసే రోజుల్లో. మూడోసారి ఇచ్చిన పదకొండో నాడు ఆయన పోయాడు. నేను బతిమాలి చెప్పిన ఒకే ఒక్క మాట విన్నాడో లేదో చెప్పకుండానే పోయాడు. అది తెలుసుకోవాలని ఆ చలికాలమంతా నేను పడ్డ ఆరాటం ఇంతా అంతా కాదు. తెలుసుకునే దారి కూడా ఒక్కటే మిగిలింది. అది మా ల్యాబులో, ద్రవ నత్రజని పోసిన పీపాలో, చిటికెన వేలంత ట్యూబులో గడ్డకట్టి ఉంది.

నేను శామీర్‌పేట అవతల ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌ని. సైంటిస్టుని కాను. ఈ తేడా మా ఊళ్లో ఎవరికీ పట్టదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా అమ్మావాళ్ల వాడకట్టులో నేను పెద్ద డాక్టరమ్మను. ఎవరికి తల తిరిగినా, ఎవరి బర్రె పాలు తగ్గించినా నన్నే అడుగుతారు. నా పని చాలా చిన్నది. మేడ్చల్ ఆసుపత్రి నుంచి ఐసుపెట్టెలో రక్తం వస్తుంది. దాన్ని మిషన్లో తిప్పి, తెల్లకణాలను వేరుచేసి, గడ్డకట్టించి దాస్తాను. పరీక్ష రోజున బయటికి తీసి కరిగించి, ఏం చేస్తున్నాయో చూస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పని. చేతులు వాటంతటవే చేసుకుపోతాయి.

అప్పుడు మా ల్యాబులో నడుస్తున్న పరిశోధన గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నవాళ్ల మీద. వాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించే గోలీ ఇస్తారు కదా, అది కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుందని అందరికీ తెలుసు. దాంతోపాటు తెల్లకణాలను ఏం చేస్తుందన్నది మేం చూస్తున్నాం. రక్తనాళం గోడలో కొవ్వు చేరిన చోట ఏదో గాయమైందనుకుని తెల్లకణాలు అక్కడికి పోతాయి. గోడలోకి దూరి, ఆ కొవ్వును మింగి, ఉబ్బిపోయి, అక్కడే కూర్చుంటాయి. కూర్చుని ఊరుకోవు, మిగతావాటిని పిలుస్తాయి. అలా ఆ చోటంతా వాచి, మెత్తబడి, ఒకరోజు పగులుతుంది. పగిలిన చోట నెత్తురు గడ్డకడితే గుండెకు దారి మూసుకుపోతుంది. గోలీ సరిగ్గా వేసుకునేవాళ్లలో ఈ తెల్లకణాలు కొంచెం నెమ్మదిస్తాయి, గోడకు అంటుకోవడం తగ్గిస్తాయి. దాన్ని కొలవడమే మా పరీక్ష. గిన్నె అడుగున రక్తనాళపు పొరలాంటి పొర పెంచి, దాని మీద మనిషి తెల్లకణాలు పోసి, గంట ఆగి కడిగేసి, ఎన్ని అంటుకుని మిగిలాయో లెక్కపెడతాం.

ఇదంతా నేను బడిపిల్లలకు మహా బాగా చెప్పేదాన్ని. ఏడాదికి రెండుసార్లు పిల్లలు ల్యాబు చూడ్డానికి వచ్చేవారు. రంగురంగుల బొమ్మలు గోడకు తగిలించి గంటసేపు, వాళ్లు అడిగినవాటికీ అడగనివాటికీ కూడా జవాబులు చెప్పి పంపేదాన్ని. మా నాయినకు మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశాను.

ఆయన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. తెల్లారకముందే మోపెడ్ మీద పోయి, థర్మాకోల్ తెప్ప మీద వల వేసి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేవాడు. ఆ చైత్రంలో తడి వల భుజాన వేసుకుని కట్ట ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయ్యి సగంలో కూర్చుంటున్నాడట. ఎవరికీ చెప్పలేదు. కట్ట మీద మక్కకంకులు కాల్చే ఆమె అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోతే రెండు నాళాలు పూడుకుంటున్నాయన్నారు. స్టెంటు ఇప్పుడే అక్కర్లేదు, మందులతో చూద్దాం అన్నారు. మా పరిశోధనకు మనుషుల్ని అడిగే నర్సు ఆయన్నీ అడిగింది. మందు మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలంది.

"మా బిడ్డ పనిజేసే కాడికేనా? గట్లయితె తీస్కోర్రి," అన్నాడు. "రక్తం తీస్తె చాయ్ గిట్ల పోస్తరా?"

నేను ఈ సంగతి మా ల్యాబు పెద్ద అయిన మేడమ్‌కు ముందే చెప్పాను. ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి, ఏ నంబరు ఎవరిదో ఆసుపత్రికి తప్ప మనకు తెలియదు, అన్నీ ఒకే తీరుగా చేయి చాలు, అందామె. ఆ రోజు పన్నెండు ట్యూబులొచ్చాయి. ఒకటి మా నాయినది. ఏదో తెలియదు. పన్నెండేళ్లలో ఎప్పుడూ లేనిది, ఆ రోజు ఒక్కో ట్యూబు మూతనూ రెండుసార్లు సరిచూసుకున్నాను.

మందులు ఇంటికి తెచ్చిన సాయంత్రం నేను మేడ్చల్ బస్సు అందుకోవాలి. మా కాపురం మేడ్చల్‌లో. చెప్పులు వేసుకుంటూనే చెప్పాను. "నాయినా, నీ గుండె నాళాల్ల కొవ్వు పేరుకున్నది. గిది కొవ్వు గోలి. రాత్రి తిన్నంక ఒకటి ఏసుకో. మర్వకు."

"మర్వ తియ్," అన్నాడు. అమ్మ ఆ గోలీల షీట్లను చేతిలోకి తీసుకుని, ఎక్కడ పెడితే మర్చిపోకుండా ఉంటుందా అని వంటింట్లోకి చూస్తోంది. అప్పటికే నేను వాకిట్లో ఉన్నాను.

రెండోసారి రక్తం శ్రావణం ఆఖరున వచ్చింది. రెండు విడతలవీ కలిపి పరీక్ష చేశాం. పదకొండు మందిలో కణాలు నెమ్మదించాయి. ఒక్కరిలో మాత్రం మొదట ఎలా ఉన్నాయో మూడు నెలల తర్వాతా అలాగే ఉన్నాయి. కడిగితే పోకుండా ఆ పొరను పట్టుకుని వేలాడుతున్నాయి.

మేడమ్ ఆ గీతను పెన్సిలుతో చూపించింది. "ఈయనకు మందు పనిచేయడం లేదు, లేదా ఈయన మందు వేసుకోవడం లేదు. వేసుకోవడం లేదనే నా అనుమానం. అందరినీ మరోసారి కనుక్కోమని ఆసుపత్రికి రాస్తాను."

పన్నెండులో ఒకటి. ఎవరైనా కావచ్చు. కానీ నాకు మా నాయినే గుర్తొచ్చాడు. ఆ సాయంత్రం మేడ్చల్ బస్సు ఎక్కకుండా ఊరికి పోయాను.

"నాయిన గోలీలేవి?" అన్నాను ఇంట్లో అడుగు పెడుతూనే.

అమ్మ లోపలికి పోయి మసాలా డబ్బా తెచ్చింది. లవంగాలు, చెక్క, సాజీర పొట్లాలతో పాటు గోలీల షీట్లు. మూడు నెలలకని ఇచ్చినవాటిలో సగానికి ఎక్కువ అలాగే ఉన్నాయి. మసాలా వాసన కొడుతున్నాయి.

"గిదేందమ్మా?"

"మర్వకుండ మసాల డబ్బల వెట్టిన బిడ్డా. కూరొండిన్నాడు డబ్బ తీస్త గద, గప్పుడే గోలి తీసిస్త. ఒక్కనాడు గూడ మర్వలే."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. మా ఊళ్లో కూర అంటే నీసే, మాంసమో చేపో. మా ఇంట్లో సోమవారం, శనివారం నీసు ముట్టరు. శ్రావణం నెలంతా ముట్టరు. చేపలు పట్టి అమ్మే మనిషే, శ్రావణంలో ఇంట్లో చేప ముల్లు కనిపించనియ్యడు. నీసు వండని రోజు మసాలా డబ్బా తీయరు. మసాలా డబ్బా తీయని రోజు గోలీ లేదు. రెండోసారి రక్తమిచ్చేటప్పటికి ఆయన నెల రోజులుగా ఒక్క గోలీ కూడా మింగలేదు.

నాయిన అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. నేను అరవడం మొదలుపెట్టాను. నాకు ఓపిక తక్కువ, ల్యాబులో కూడా గాజు గిన్నె పగలగొట్టినవాళ్ల పని పడతాను. అదే గొంతుతో ఆయన మీద విరుచుకుపడ్డాను. అమ్మనూ వదల్లేదు. మసాలాల మధ్య మందులు పెడతారా, ఇన్నేళ్లొచ్చాయి ఎందుకు అన్నాను.

ఆయన సూది ఆపి నావైపు చూశాడు. "కొవ్వు గోలి అని నువ్వే జెప్తివి గద బిడ్డా. కొవ్వు తిన్న నాడు ఏసుకుంటున్న. తినని నాడు దాంతోని ఏం పని?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. తప్పు నాదని తెలిసిపోయింది కనుకే అంత గట్టిగా అరిచాను. ఎక్కడెక్కడి బడిపిల్లలకో బొమ్మలు చూపించి చెప్పినదాన్ని, ఇంట్లో మనిషికి చెప్పులు తొడుక్కుంటూ చెప్పాను. ఏం చెబితే ఆయన ఏం అర్థం చేసుకుంటాడో ఒక్క క్షణం ఆగి చూడలేదు. చదువుకోలేదు కదా, ఇంతకన్నా ఏం తలకెక్కుతుందిలే అని లోపలెక్కడో అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే చెరువు కట్టకు పోయాను. ఆయన అప్పుడే తెప్ప ఒడ్డుకు లాగి, వలలో చిక్కిన గుర్రపుడెక్క తీసి పారేస్తున్నాడు. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. రక్తనాళం గోడ, దాంట్లోకి దూరే కొవ్వు, ఆ కొవ్వులో చాలాభాగం మనం తినకపోయినా ఒంట్లోనే తయారవుతుందన్న సంగతి, గాయమనుకుని వచ్చే తెల్లకణాలు, అవి ఒకదాన్నొకటి పిలుచుకోవడం, వాపు. ఆయన గుర్రపుడెక్క తీస్తూనే వింటున్నాడు. వింటున్నాడో లేదో అనుకున్నాను.

"అంటె," అన్నాడు చివరికి, "ఇంట్ల ఏదో లొల్లయింది. పంచాయితి జెయ్యనీకె వాడకట్టోళ్లంత జమైండ్రు. లొల్లి ఆడనే ఉన్నది గని, జమైనోళ్లు తొక్కితొక్కి గోడ కూలగొట్టిండ్రు. గంతేనా?"

"గంతే నాయినా."

"గోలి ఏసుకుంటె?"

"లొల్లి తగ్గిస్తది. జమైనోళ్లను గూడ ఇంటికి పొమ్మంటది."

"ఆళ్లు సోమారం, శనారం అని లేకుండ రోజొస్తరన్నట్టు."

"రోజొస్తరు."

ఆయన నవ్వాడు. నా పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ సంగతిని అంత పొట్టిగా, అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు. మర్నాడు మేడమ్‌కు చెబితే, ఆమె కూడా నవ్వి, నోటుపుస్తకంలో రాసుకుంది. ఇంత తెలివైన మనిషితో నేను ఇన్నేళ్లూ అవునూ కాదూ అని తప్ప మాట్లాడలేదే అనిపించింది. ఆ పొద్దున ఆయన పక్కన కూర్చోవడం ఎంత బాగుందో చెప్పలేను. ఆ తడి వల వాసన, ఆయన బనియను మీద ఆరిపోయిన నీటి చారలు ఇప్పటికీ నా కళ్లకు కడుతున్నాయి. మళ్లీ ఆదివారం కూడా రావాలనుకున్నాను. రాలేదు.

లేచేముందు మాట తీసుకుందామని అడిగాను. "రోజు ఏసుకుంటవా?"

"ఏసుకుంట."

"నీసు తినని నాడు?"

"ఏసుకుంట అంటి గద."

"కార్తీకం నెలంత? ఒక్కపొద్దు నాడు గూడ?"

కార్తీకమంటే ఆయనకు ప్రాణం. నెలంతా పొద్దంతా ఏమీ ముట్టక, దీపం పెట్టాక ఒక్కసారి తినేవాడు. ఆ నెలలో కొవ్వు గోలీ మింగడమంటే దొంగతనంగా నీసు తిన్నట్టే ఆయన లెక్కలో. వల దులిపి భుజాన వేసుకున్నాడు.

"సూస్త," అన్నాడు.

మా నాయిన చూస్తానన్నాడంటే కుదరదని అర్థం. పెళ్లికి రమ్మంటే చూస్తానన్న చోటికి ఆయన ఎన్నడూ పోలేదు. చుట్ట మానమంటే చూస్తానని ఇరవై ఏళ్లు కాల్చాడు. నాకు అది తెలుసు. తెలిసి కూడా, ఆ పొద్దున అంత బాగుంది కదా, మళ్లీ కొట్లాట ఎందుకని ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి గోలీలు ఆయనే తన దగ్గర పెట్టుకున్నాడు. నేను అమ్మను తిట్టడం ఆయనకు నచ్చలేదు. వల సూదులు, దారం ఉండే గుడ్డసంచిలో వేసుకుని, ఎప్పుడు వేసుకునేవాడో ఎవరికీ తెలియకుండా వేసుకునేవాడు. లేదా వేసుకునేవాడు కాదు. కార్తీకంలో నేను రెండుసార్లు ఫోను చేసి అడిగాను. రెండుసార్లూ "ఆ, ఆ" అన్నాడు. అమ్మను అడిగితే తనకు తెలియదంది.

మూడోసారి రక్తమివ్వడానికి ఆయన ఒక్కడే బస్సులో మేడ్చల్ వచ్చాడు. నేను ల్యాబుకు పోతూ బస్టాండులో కలిశాను. పది నిమిషాలు కూడా లేం. చాయ్ తాగుదామంటే ఒక్కపొద్దన్నాడు. రక్తం తీశాక ఆసుపత్రివాళ్లు ఇచ్చిన బిస్కెట్ పొట్లం జేబులోంచి తీసి, నా చిన్నప్పుడు ఇచ్చినట్టే, నా చేతిలో పెట్టాడు. గోలీ సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. నలుగురిలో గొంతు పెంచుతానేమోనని నాకే భయమేసి మింగేశాను.

"కార్తీకం వోనీ, నీకు మంచి బొచ్చె చేప తీస్కొస్త," అన్నాడు బస్సు మెట్టు మీద నిలబడి. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది.

పదకొండో నాడు పొద్దున కట్ట మీద పడిపోయాడు. తోటివాళ్లు ఆటోలో తీసుకొచ్చేసరికే అయిపోయింది. నేను పోయేటప్పటికి ఆయన కాళ్లకు ఇంకా చెరువు మట్టి ఉంది.

దినాలకు ముందే, మా పద్ధతి ప్రకారం, ఆయన వాడిన చాప, దిండు, చుట్టలు, మందులు అన్నీ మూటగట్టి ఊరి బయట పారేశారు. ఆ గుడ్డసంచి కూడా. నేను వచ్చిన చుట్టాలకు నీళ్లిస్తూ ఉన్నాను, చూసుకోలేదు. గోలీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టే అవకాశం అలా పోయింది. చుట్టాల్లో ఒకావిడ, కార్తీకమని మందులు బంద్ చేసి ఉంటాడు, గట్టి భక్తి కదా అంది. ఆమె మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఆ చలికాలమంతా నేను ఆయన మీద కోపంగా ఉన్నాను. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని మీరనవచ్చు. నాకు అదే ఆసరాగా ఉండింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయనతో కొట్లాడేదాన్ని. ఒక్క గోలీ నాయినా, రాత్రి అన్నం తిన్నాక ఒక్క గోలీ, దేవుడు ఒద్దన్నాడా అని. అత్వెల్లి దగ్గర రోడ్డు పక్కన చేపలు పెట్టుకుని కూర్చునేవాళ్లు కనిపిస్తే ముఖం తిప్పుకునేదాన్ని. కొట్లాడీ కొట్లాడీ ఇంటికి చేరేసరికి ఆయన ఒక్కసారి కనిపిస్తే చాలు, ఏమీ అడగను, ఊరికే పక్కన కూర్చుంటాను అనిపించేది. మర్నాడు పొద్దున మళ్లీ కొట్లాటే.

మాఘం వెళ్లాక మేడమ్ నన్ను పిలిచింది. మూడో విడత ట్యూబులు కరిగించే సమయమైంది. నువ్వు చేయలేనంటే వేరేవాళ్లకు ఇస్తాను అంది. నేనే చేస్తానన్నాను.

"ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోతే ఆసుపత్రికి రాసి మీ నాన్నగారి ట్యూబు తీసేయించవచ్చు. మీ అమ్మగారిని కూడా ఒక మాట అడుగు."

"అడిగాను మేడమ్, సరే అంది," అన్నాను. అడగలేదు. అడిగితే మొదటినుంచీ చెప్పాలి, అంత ఓపిక నాకు లేదు. కాదంటుందేమోనన్న భయం కూడా ఉంది.

పన్నెండు ట్యూబులు పీపాలోంచి తీసి, గోరువెచ్చని నీళ్లలో తిప్పుతూ కరిగించాను. కరిగాక చుక్క చుక్కగా ద్రవం కలపాలి, తొందరపడితే కణాలు పగిలిపోతాయి. తర్వాత ఒక్కో చుక్కకు నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెడతాం. చచ్చిన కణం నీలం తాగి నల్లబడుతుంది. బతికున్నది రంగును లోపలికి రానివ్వదు, తెల్లగా మెరుస్తుంది. ఇది నేను వేలసార్లు చూశాను. ఆ రోజు ఒక్కో ట్యూబు ముందు ఎక్కువసేపు కూర్చున్నాను. పన్నెండింటిలోనూ కణాలు తెల్లగా, గుండ్రంగా మెరుస్తున్నాయి. వాటిలో ఒకటి మా నాయిన. ఆయన పోయి మూడు నెలలైంది, ఆయన ఒంట్లో పుట్టినవి ఇక్కడ బతికి ఉన్నాయి. ఏదో తెలియదు కనుక పన్నెండింటినీ ఆయనే అనుకుని చూశాను. ట్యూబులు చేతికి వెచ్చగా తగులుతున్నాయి. పక్కన ఎవరూ లేరు. ఏడ్చాను, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

పొర మీద కణాలు పోసి, గంట ఆగి, కడిగి, లెక్క మొదలుపెట్టాను. మొదటిది తగ్గింది. రెండోది తగ్గింది. ఆరోది, ఏడోది. పోయినసారి మొండికేసిన నంబరు తొమ్మిదోదిగా వచ్చింది. మా నాయినదే అని నేను అనుకుంటున్న నంబరు. రెండుసార్లు లెక్కపెట్టాను. మిగిలినవాటికన్నా బాగా తగ్గింది. పన్నెండోది కూడా తగ్గింది. ఒక్కటి కూడా మొండికేయలేదు.

"ఈసారి అందరూ కుదురుగా వేసుకున్నారు," అంది మేడమ్ గీతలన్నీ చూసి. తర్వాత నా ముఖం చూసి ఆ కాగితాలు మూసిపెట్టింది.

ఆ రక్తం కార్తీకం ఆఖరుది. నంబరు గురించి నా అనుమానం తప్పయినా సరే, పన్నెండింటిలో అన్నీ తగ్గాయి. అంటే ఆయన నెలంతా వేసుకున్నాడు. ఒక్కపొద్దు రోజుల్లోనూ వేసుకున్నాడు. దీపం పెట్టి, అన్నం తిని, గుడ్డసంచిలోంచి గోలీ తీసి మింగాడు. దేవుడికేం చెప్పుకున్నాడో తెలియదు. నా మాట మాత్రం విన్నాడు. సంతోషించాల్సింది. కొంచెం సంతోషించాను కూడా. కానీ అంతకుమించి ఇంకేదో అయింది. వేసుకోలేదని తేలితే ఆయన పోవడానికి ఒక కారణం ఉండేది, పోట్లాడ్డానికి నాకు ఆయన మిగిలేవాడు. ఇప్పుడు కోపం పోయింది. దాంతోపాటే రోజూ బస్సులో నా పక్కన కూర్చునేవాడు కూడా పోయాడు.

పరీక్ష అయిపోయాక మిగిలినవాటిలో బ్లీచు కలిపి పారబోయాలి. అది నియమం. పన్నెండేళ్లుగా చేస్తున్నదే. ఒక్కోదాంట్లో బ్లీచు పోసి, పదిహేను నిమిషాలు ఆగి, సింకులో పోసి నీళ్లు వదిలాను. మా నాయినకు తలకొరివి మా చిన్నాయిన కొడుకు పెట్టాడు. ఇది మాత్రం నా చేత్తో అయింది.

మర్నాడు ఊరికి పోయాను. అమ్మ వాకిట్లో కూర్చుని రాయితో చింతకాయ కొట్టి గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నాయిన గోలీలు ఏసుకున్నడు. కార్తీకం నెలంత ఏసుకున్నడు."

"నీకెట్ల ఎర్క?"

"రక్తంల తెలిసింది."

"ఏ రక్తం? ఆయన వోయి మూన్నెల్లాయె గద."

అప్పుడు చెప్పాను. ఈసారి తొందరపడకుండా, మొదటినుంచీ అన్నీ చెప్పాను. రక్తం ఎలా వచ్చింది, ఎలా గడ్డకట్టించాం, ఎలా కరిగించాం. అమ్మ రాయి పక్కన పెట్టి విన్నది.

"ఏసుకుంటె మరెందుకు వోయిండు?"

"గోలి జెయ్యాల్సింది జేసిందమ్మా. అంతకు ముందే పాడైన సోటు ఏదో పగిలింది. అన్నిటిని గోలి ఆపలేదు."

అమ్మ తల ఊపింది. మళ్లీ అడిగింది. "గా రక్తం బతికే ఉండెనా?"

"ఉండె. అద్దంల సూసిన. మంచిగ మెరుసుకుంట ఉండె."

"ఇప్పుడున్నదా?"

"లేదు. పని అయినంక పారబోయాలె. నిన్న నేనే పారబోసిన."

అమ్మ ముఖంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. చింతపండు అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంది, తుడిచిన వేళ్లే మళ్లీ తుడుచుకుంది.

"నన్నొక్కసారి తీస్కవోకపోతివి బిడ్డా," అంది. "ఏం ముట్టకపోతుంటి. దూరంకెల్లి సూసొస్తుంటి గద."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ పన్నెండు ట్యూబుల ముందు కూర్చున్నంతసేపూ, ఆయన కోసం ఎదురుచూస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.